చెస్‌లో ప్రశాంతంగా ఆడాలంటే: ఏ పద్ధతి ఎవరికి పనికొస్తుంది

ఆడేటప్పుడు ప్రశాంతంగా ఉండమని చెప్పడం తేలిక. గెలవాల్సిన ఆటలో రూక్ ఊరికే ఇచ్చేసి, క్లాక్‌లో 40 సెకన్లు మిగిలి ఉన్నప్పుడు ఆ సలహా గుర్తు రావడమే కష్టం. అందుకే ఈ విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. కోపం వచ్చాక మనసును దారికి తెచ్చుకునే చిట్కాలకన్నా, ఆటకి కూర్చోకముందు తీసుకున్న నిర్ణయాలు ఎన్నో రెట్లు ఎక్కువ పనిచేస్తాయి. ఏ టైమ్ కంట్రోల్ (ఒక్కొక్కరికి ఎంత సమయం) ఆడాలి, ఎప్పుడు లేవాలి, తెర మీద ఏం కనబడాలి, ఓడాక మొదటి పది నిమిషాలు ఏం చేయాలి అన్నవి ముందే తేల్చుకున్నవాళ్లకి శ్వాస కసరత్తుతో పని చాలా తగ్గుతుంది. శ్వాస పనికిరాదని కాదు. దాని చోటు దానికుంది, అన్ని చోట్లా అదే పనికొస్తుందనుకోవడమే పొరపాటు.

కోపం రావడం చేతకానితనమూ కాదు. 2025 జూన్ 1న నార్వే చెస్‌లో గెలుపు చేతిలో ఉన్న ఆటని గుకేశ్‌కి పోగొట్టుకున్న మాజీ ప్రపంచ ఛాంపియన్ మాగ్నస్ కార్ల్‌సన్ బల్ల మీద ఒక్క గుద్దు గుద్దితే పావులు ఎగిరిపడ్డాయి. వెంటనే సారీ చెప్పాడు, వెళ్తూ గుకేశ్ వీపు తట్టాడు. అంత ఆటగాడికే తప్పలేదు. ఇక గుకేశ్ సంగతి చూడండి. చెన్నైలో పెరిగిన తెలుగు కుటుంబపు కుర్రాడు. 2024 నవంబరులో సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదటి ఆటే తెల్లపావులతో ఆడి ఓడిపోయాడు. 11వ ఆట గెలిచి ముందుకొచ్చాక, 12వ ఆటలో చిత్తుగా ఓడి మళ్లీ సమానమయ్యాడు. మిగిలినవి రెండే ఆటలు. 13వది డ్రా, 14వది గెలుపు. డిసెంబరు 12న, 18 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్. ఆ నిబ్బరం వెనక పని ఉంది. 2011లో ప్రపంచ కప్ గెలిచిన భారత క్రికెట్ జట్టుకి మెంటల్ కండిషనింగ్ కోచ్‌గా ఉన్న ప్యాడీ అప్టన్‌తో గుకేశ్ ఆ మ్యాచ్‌కి ముందు నుంచే సిద్ధమయ్యాడు. నిబ్బరం కూడా ఓపెనింగ్‌లాగే ఇంట్లో తయారు చేసుకుని రావాల్సిందే.

ముందు మీ కోపం ఎక్కడ పుడుతోందో చూడండి

చెస్‌లో మనిషి అదుపు తప్పేది ముఖ్యంగా నాలుగు చోట్ల. టైమ్ అయిపోతోందన్న కంగారు ఒకటి. తన చేత్తో తానే చేసిన బ్లండర్ (పెద్ద పొరపాటు) ఇంకోటి. రేటింగ్ (ఆట బలాన్ని చెప్పే అంకె) పడిపోతోందన్న బాధ మూడోది. ఎదుటివాడి ప్రవర్తన నాలుగోది. మందు ఏది వాడాలన్నది మీది వీటిలో ఏదన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. రేటింగ్ బాధ ఉన్నవాడికి టైమ్ పెంచితే ఏమీ తగ్గదు. టైమ్ కంగారు ఉన్నవాడు చాట్ ఆపేసుకున్నా లాభం లేదు.

మీది ఏదో తెలుసుకోవడానికి జ్ఞాపకాన్ని నమ్ముకోవద్దు. ఈమధ్య ఓడిపోయిన ఆటలు కొన్ని తెరిచి, ఒక్కో ఎత్తుకి ఎంత సమయం తీసుకున్నారో చూడండి. లిచెస్, చెస్ డాట్ కామ్ అనే ఆన్‌లైన్ సైట్లు రెండిట్లోనూ ఆ లెక్క కనబడుతుంది. ఉదాహరణకి 10 నిమిషాల ఆటలో 24వ ఎత్తు దగ్గర బిషప్ పోయింది, అప్పటికి మీ దగ్గర 5 నిమిషాల 10 సెకన్లు ఉన్నాయనుకోండి. ఆ తర్వాతి ఆరు ఎత్తులూ కలిపి 15 సెకన్లలో ఆడేసి, 4 నిమిషాల 55 సెకన్లు చేతిలో ఉండగానే రిజైన్ చేసి ఉంటే, మీ సమస్య టైమ్ కాదు. బ్లండర్ తర్వాతి రోషం. బిషప్ పోయినా ఆట ఇంకా ఉంది, సగం సమయం ఉంది, ఎదుటివాడూ పొరపాట్లు చేసేవాడే. మీరే ఆట ఆపేశారు. ఇంకొకరి లెక్కలో మొదటి పదిహేను ఎత్తులకే ఏడు నిమిషాలు పోయి, మిగతాదంతా పరుగుగా కనబడుతుంది. ఇద్దరూ "టెన్షన్ పడిపోయాను" అనే అంటారు, కానీ ఇద్దరికీ కావాల్సింది వేరు.

టైమ్ కంట్రోల్: అన్నిటికన్నా పెద్ద నిర్ణయం

ఆన్‌లైన్‌లో ఆడేవాళ్లు మార్చుకోవాల్సింది ఒక్కటే ఉంటే అది ఇదే. ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) లెక్కలో ఇంక్రిమెంట్‌ని, అంటే ఎత్తు ఆడిన ప్రతిసారీ కలిసే సెకన్లని, 60 ఎత్తులకి కలుపుకుని మొత్తం 10 నిమిషాలు లేదా అంతకన్నా తక్కువైతే బ్లిట్జ్. 10 దాటి 60 లోపు ఉంటే రాపిడ్. ప్రపంచ రాపిడ్ ఛాంపియన్‌షిప్ 15+10తో (15 నిమిషాలు, ఎత్తుకి 10 సెకన్లు), బ్లిట్జ్ 3+2తో జరుగుతాయి. మన ఫోన్లలో ఎక్కువగా నడిచేవి మాత్రం 3+0, 5+0, ఒక నిమిషం బుల్లెట్.

వీటిలో 3+0 మనిషిని బాగా రెచ్చగొడుతుంది. ఇంక్రిమెంట్ లేదు కాబట్టి రెండు రూక్‌లు ఎక్కువున్నా మేట్ చేసేలోపు జెండా పడిపోతుంది, అంటే సమయం అయిపోతుంది. ఆట బాగా ఆడి ఓడిపోయామన్న భావన మిగులుతుంది, ఆ భావనే వెంటనే రీమ్యాచ్ బటన్ నొక్కిస్తుంది. అదే 3+2 తీసుకోండి. 60 ఎత్తుల ఆటకి ఒక్కొక్కరికి మొత్తం 5 నిమిషాలు వస్తాయి. పెరిగింది రెండు నిమిషాలే, కానీ గెలిచే ఆటని గెలిచి ముగించే వీలుంటుంది. బ్లిట్జ్ మానలేనివాళ్లకి నేను చెప్పేది ఇదొక్కటే: సున్నా ఇంక్రిమెంట్ మాత్రం మానండి.

బ్లండర్ తర్వాత రోషం వచ్చేవాళ్లకి 10+5 గానీ 15+10 గానీ మంచిది. ఆఫీసు నుంచి వచ్చి అరగంట ఆడదామనుకునేవాళ్లు ఆ అరగంటలో ఐదారు బ్లిట్జ్ ఆటలు ఆడొచ్చు, లేదా 10+5 ఆట ఒకటి ఆడొచ్చు. 60 ఎత్తులు వెళ్లినా ఇద్దరికీ కలిపి 30 నిమిషాలు దాటదు. నేనైతే 10+5 వైపే. ఒకటే ఆట అని ముందే తెలిస్తే ఆ ఆటని మనం చూసే తీరే మారుతుంది. బిషప్ పోయాక కూడా కూర్చుని ఆలోచిస్తాం, ఎందుకంటే ఆ రోజుకి ఉన్నది అదే.

పొడవాటి ఆటతోనూ ఒక చిక్కుంది, దాన్ని దాచకూడదు. 40 నిమిషాలు కష్టపడి చివర్లో ఓడితే కలిగే బాధ మూడు నిమిషాల ఆట ఓడినప్పటిది కాదు. రాత్రి 11కి అలాంటి ఆట ఓడితే నిద్ర పట్టదు. కాబట్టి రేటింగ్ గురించి ఎక్కువ మథనపడేవాళ్లకి పొడవాటి ఆట ఒక్కటే సరిపోదు, దానితోపాటు కింద చెప్పబోయే తెర మార్పులు కూడా చేసుకోవాలి. ఎన్ని ఆటలు ఓడినా నవ్వుతూ లేచిపోయేవాళ్లకి, కొత్త ఓపెనింగ్‌ని పదిసార్లు ఆడి చూద్దామనుకునేవాళ్లకి బ్లిట్జ్‌తో ఏ ఇబ్బందీ లేదు. వాళ్లని మార్చాల్సిన పని లేదు.

ఆట మధ్యలో: శ్వాస, చేతులు, కుర్చీ

శ్వాస ఎప్పుడు పనిచేస్తుందంటే, ఊపిరి తీసుకోవడంకన్నా వదలడం ఎక్కువసేపు ఉన్నప్పుడు. మెల్లగా వదిలే ఊపిరితో వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. నాలుగు లెక్కపెడుతూ తీసుకుని, ఆరో ఎనిమిదో లెక్కపెడుతూ వదలాలి. ఇలా మూడుసార్లంటే 30 సెకన్ల పైమాట. 15+10 ఆటలో ఆ 30 సెకన్లు హాయిగా ఖర్చుపెట్టొచ్చు. 3+0లో అది మీ మొత్తం సమయంలో ఆరో వంతు, అక్కడ శ్వాస సలహా ఇవ్వడంలో అర్థం లేదు. ఎదుటివాడి క్లాక్ నడుస్తుండగా చేస్తే ఇంకా మంచిది.

బ్లిట్జ్‌లో శ్వాసకన్నా చేతుల మీద పట్టు మేలు. పిల్లలకి కోచ్‌లు "చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చో" అని చెప్పేది ఊరికే కాదు. మనసు వద్దన్నా చెయ్యి ముందు కదులుతుంది, ఎదురుగా బోర్డు ఉంటే పట్టుకున్న పావుని ఆడాల్సిందే. ఫోన్‌లో అయితే ఎత్తుని మళ్లీ కన్ఫర్మ్ చేయమని అడిగే సెట్టింగ్ ఉంటుంది. రాపిడ్‌లో దాన్ని ఆన్ చేసుకోండి. ప్రీమూవ్‌ని (ఎదుటివాడు ఆడకముందే మన ఎత్తు పెట్టేయడాన్ని) ఆపేయడం కూడా రోషం ఉన్నవాళ్లకి మంచి రక్షణ. కోపంలో ఆడిన ఎత్తుల్లో ఎక్కువ భాగం చూడకుండా ఆడినవే.

బోర్డు మీద ఆడే క్లాసికల్ ఆటలో వీటికన్నా మంచివి రెండున్నాయి. ఒకటి స్కోర్‌షీట్. ఆడిన ఎత్తుని నిదానంగా, చదవగలిగే దస్తూరిలో రాయడం కంగారుని తగ్గించే పనే. బ్లండర్ చేసిన వెంటనే చాలామంది పిల్లల రాత గీతలుగా మారిపోతుంది. షీట్ చూసి ఏ ఎత్తు దగ్గర అదుపు తప్పారో చెప్పేయొచ్చు. (ఆడకముందే ఎత్తు రాసుకోవడం మాత్రం ఇప్పటి నియమాల్లో కుదరదు.) రెండోది కుర్చీలోంచి లేవడం. మీ వంతు కానప్పుడు లేచి, హాల్లోనే నాలుగడుగులు వేసి, నీళ్లు తాగి రావచ్చు. తిరిగొచ్చి ఒక్క క్షణం నిలబడి బోర్డుని పైనుంచి చూడండి. వేరేవాళ్ల ఆటని చూస్తున్నట్టు చూస్తే, పోయిన పావుకన్నా ఉన్న పావులు కనబడతాయి. శ్వాస, లేవడం రెండూ కుదిరే చోట నేను లేవడాన్నే ఎంచుకోమంటాను. కోపం ఒంట్లో ఉంటుంది, ఒళ్లు కదిపితేనే అది త్వరగా దిగుతుంది.

ఓడాక: రీమ్యాచ్, విశ్లేషణ, లేచిపోవడం

ముందు చిన్న లెక్క. ఆన్‌లైన్‌లో మీకు జతపడేది ఇంచుమించు మీ రేటింగ్ ఉన్నవాళ్లే. అంటే సగం ఆటలు ఓడిపోవడం ఆ ఏర్పాటులోనే ఉంది. డ్రాలు పక్కన పెట్టి ఒక్కో ఆటకి గెలుపు, ఓటమి చెరిసగం అనుకుంటే, ఏ మూడు ఆటలు తీసుకున్నా మూడూ ఓడే అవకాశం ఎనిమిదింట ఒకటి. వారంలో పాతిక ఆటలు ఆడేవాళ్లకి వరసగా మూడు పోవడం మామూలు విషయం. నాకేదో అయిపోయింది, ఆట మర్చిపోయాను అనుకోవాల్సిన పని లేదు.

మరి రెండు ఓడితే లేవాలన్న నియమం ఎందుకు? ఓటమి చెడ్డదని కాదు. రెండో ఓటమి తర్వాత ఆడే వేగం మారిపోతుంది కాబట్టి. పోయిన పాయింట్లు ఈ రాత్రికే తెచ్చుకోవాలన్న తొందరలో మూడో ఆట ఎవరూ మామూలుగా ఆడరు. అందుకే వరసగా రెండు పోతే 15 నిమిషాలు ఫోన్ వేరే గదిలో పెట్టేయడం, తిరిగొచ్చి ఇంకోటి పోతే ఆ రోజుకి ఆపేయడం అన్నది ఆఫీసు ఉద్యోగికీ, ఇంజినీరింగ్ విద్యార్థికీ అందరికీ సరిపోతుంది. ఈ నియమం కాగితం మీద రాసి ఉండాలి. ఆట మధ్యలో పెట్టుకున్న నియమం ఆ ఆటలోనే పోతుంది. "గెలిచి లేద్దాం" అన్న నియమం మాత్రం వద్దు. గెలిచేదాకా కూర్చోవాలంటే రాత్రి రెండు అవుతుంది.

వెంటనే ఇంజిన్ (ఎత్తుల్ని లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్) పెట్టి విశ్లేషించాలా, ఆగాలా అన్నది ఇంకో ప్రశ్న. బ్లండర్ గురించి తమని తాము తిట్టుకునే స్వభావం ఉన్నవాళ్లకి వెంటనే ఇంజిన్ చూడడం మంచిది కాదు. ఎర్ర గుర్తులు, ప్రశ్నార్థకాలు తిట్లకి తోడవుతాయి. ఆట ఎక్కడ చేయి దాటిందో ఆ ఒక్క ఎత్తు నంబరు మాత్రం రాసుకుని, ఆ ఎత్తు దగ్గర ఏమనుకున్నారో ఒక వాక్యం రాసి, మిగతాది మర్నాడు చూసుకోవాలి. ఎందుకు ఓడామో తెలియకపోతే మనసు కుదుటపడని రకం వాళ్లు కూడా ఉంటారు. వాళ్లు వెంటనే చూసుకోవచ్చు, తప్పు కనబడగానే వాళ్ల బాధ దిగిపోతుంది. మీరు ఏ రకమో రెండుసార్లు చేసి చూస్తే తెలుస్తుంది.

తెర మీద ఏం కనబడాలి

రేటింగ్ బాధ, ఎదుటివాడి మాటల బాధ ఉన్నవాళ్లకి ఇది ఐదు నిమిషాల పని. లిచెస్‌లో జెన్ మోడ్ పెడితే ఆట సమయంలో పేర్లు, చాట్ లాంటివన్నీ పోయి బోర్డు, క్లాక్ మిగులుతాయి. కంప్యూటర్‌లో జెడ్ మీట నొక్కితే చాలు. రేటింగ్‌లు అసలు కనబడకుండా చేసే సెట్టింగ్ కూడా ఉంది. చెస్ డాట్ కామ్‌లోనూ చాట్ ఆపేసుకోవచ్చు. నా మట్టుకు చాట్ అందరూ ఆపేయాలి. గెలిచినప్పుడు అది ఇచ్చే సంతోషం తక్కువ, ఓడినప్పుడు తెచ్చే చిరాకు ఎక్కువ. రేటింగ్ దాచడం మాత్రం అందరికీ అక్కర్లేదు. అంకె చూసి ఉత్సాహం తెచ్చుకునేవాళ్లు ఉంటారు. ప్రతి ఆట తర్వాతా ప్రొఫైల్ పేజీకి వెళ్లి గ్రాఫ్ చూసుకునే అలవాటు ఉంటే దాచేయండి.

ఎదుటివాడు ఇంజిన్ వాడుతున్నాడని అనుమానం వస్తే వాదనకి దిగవద్దు. రిపోర్ట్ కొట్టి బ్లాక్ చేసి వదిలేయండి. మోసం తేలితే ఆ ఆటలో పోయిన రేటింగ్‌ని వెనక్కి ఇచ్చే పద్ధతి ఈ సైట్లలో ఉంది.

టోర్నమెంట్ హాల్లో ఈ బటన్లేవీ ఉండవు, కానీ హక్కు ఉంటుంది. ఎదుటివాడు కాలితో బల్ల కదుపుతున్నా, ప్రతి రెండు ఎత్తులకీ డ్రా అడుగుతున్నా, అది నియమ విరుద్ధమే. క్లాక్ ఆపి చెయ్యెత్తి ఆర్బిటర్‌ని (టోర్నమెంట్ న్యాయనిర్ణేతని) పిలవండి. మనమే మాట్లాడి గొడవ పడడంకన్నా ఇది ఎప్పుడూ మేలు. చిన్న పిల్లలకి ఈ ఒక్క మాట ముందే నేర్పి పంపాలి, ఎందుకంటే వాళ్లు అడగడానికి భయపడి లోలోపల ఉడికిపోతారు. ఇంట్లో తలుపులేసి నిశ్శబ్దంగా ప్రాక్టీసు చేసే పిల్లలకి ఫంక్షన్ హాల్ సందడి కూడా కొత్తే. సోవియట్ ప్రపంచ ఛాంపియన్ బొట్విన్నిక్ ప్రాక్టీసు ఆటల్లో తన ముఖం మీదికి సిగరెట్ పొగ వదలమనేవాడు, అసలు ఆటలో పొగ వస్తే చలించకూడదని. మనకి పొగ అక్కర్లేదు. వారానికి ఒక ఆట టీవీ నడుస్తున్న గదిలో ఆడించండి, చాలు.

పిల్లల్ని టోర్నమెంట్లకి తీసుకెళ్లే అమ్మానాన్నలకి

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పిల్లల నిబ్బరం సగం హాలు బయటే నిలబడుతుంది లేదా పడిపోతుంది. ఆదివారం రాపిడ్ టోర్నమెంట్లు చూసినవాళ్లకి ఈ దృశ్యం తెలుసు. తలుపు దగ్గర అమ్మానాన్నలు గుంపుగా నిలబడి ఉంటారు. తొమ్మిదేళ్ల పిల్ల బయటికి వస్తుంది, నోరు తెరవకముందే "ఏమైంది? గెలిచావా?" అన్న ప్రశ్న. పిల్ల తల అడ్డంగా ఊపుతుంది. "ఎలా పోయింది? క్వీన్ చూసుకోలేదా? మొన్న సార్ అదే చెప్పాడు కదా!" అప్పటికి తర్వాతి రౌండ్‌కి ఇరవై నిమిషాలే ఉంది. ఆ ఇరవై నిమిషాలూ పిల్ల పోయిన క్వీన్ గురించే వింటుంది. తర్వాతి ఆట మొదలయ్యేసరికి ఎదురుగా ఉన్న బోర్డు మీద కాదు, వెనక ఉన్న నాన్న ముఖం మీద ఉంటుంది దృష్టి.

రౌండ్ల మధ్య పెద్దవాళ్లకి మూడు దారులున్నాయి. ఆట గురించి మాట్లాడడం, ధైర్యం చెప్పడం, లేదా ఆట మాటే ఎత్తకుండా తిండి, నీళ్లు, నడక చూసుకోవడం. మూడోదే మేలని నేను గట్టిగా నమ్ముతాను. ధైర్యం చెప్పడం మంచిదే అనిపిస్తుంది కానీ, "ఏం పర్లేదు నాన్నా, వచ్చేది గెలువు చాలు" అన్నా పిల్లలకి వినబడేది ఆ "గెలువు" ఒక్కటే. డబ్బాలో ఇడ్లీ పెట్టండి, ఎండలో కాకుండా నీడలో నాలుగడుగులు తిప్పండి, పిల్లలే ఆట గురించి చెబితే వినండి. స్కోర్‌షీట్ ఉంటే బ్యాగులో పెట్టేసి, "సాయంత్రం కలిసి చూద్దాం" అనండి. అది మాటవరసకి కాకుండా సాయంత్రం నిజంగా చూడండి. ఏడిస్తే ఏడవనివ్వండి, అందరి ముందూ కాకుండా కొంచెం పక్కకి తీసుకెళ్లండి.

మొదటి రౌండ్ పోతే టోర్నమెంటే పోయినట్టు మొహం పెట్టే పిల్లలకి కోనేరు హంపి కథ చెప్పండి. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో జరిగిన ప్రపంచ మహిళల రాపిడ్ ఛాంపియన్‌షిప్‌లో ఆమె మొదటి రౌండే ఓడిపోయింది. మొత్తం 11 రౌండ్లు. చివరికి 8.5 పాయింట్లతో టైటిల్ గెలిచింది, 2019లో మాస్కోలో గెలిచిన తర్వాత రెండోసారి. అంటే మిగిలిన పది రౌండ్లలో పదికి ఎనిమిదిన్నర. ఓడిన ఆట నుంచి తర్వాతి ఆటకి ఏమీ మోసుకెళ్లకపోతేనే అలాంటి అంకె వస్తుంది. గుడివాడలో పుట్టిన అమ్మాయి అని కూడా చెప్పండి, మన పిల్లలకి అది దగ్గరగా అనిపిస్తుంది.

కొత్త పిల్లల రేటింగ్ గురించి కూడా ఒక మాట. ఫిడే క్లాసికల్ లెక్కలో వాళ్లకి కే విలువ (ఒక్కో ఆటకి రేటింగ్ ఎంత కదలాలో తేల్చే అంకె) 40. సమాన రేటింగ్ ఉన్నవాళ్లతో ఓడితే 20 పాయింట్లు పోతాయి, గెలిస్తే 20 వస్తాయి. తనకన్నా 200 తక్కువ ఉన్నవాళ్లతో ఓడితే పోయేది దాదాపు 30. ఈ వయసులో అంకె ఇలా ఊగేలాగే ఆ పద్ధతిని పెట్టారు. ఒక్క టోర్నమెంట్లో వంద పోయిందని కోచ్‌ని మార్చే ముందు ఈ లెక్క ఒకసారి చేసుకోండి.

ఏదీ పనిచేయనప్పుడు

ఇవన్నీ చేసినా ఆట ముగిశాక చేతులు వణకడం, ఇంట్లోవాళ్ల మీద విసుక్కోవడం ఆగకపోతే, రేటెడ్ (రేటింగ్ మారే) ఆటలు కొన్నాళ్లు పక్కన పెట్టండి. చెస్ మానక్కర్లేదు. ఒక్కో ఎత్తుకి ఒకటి నుంచి మూడు రోజులు గడువుండే కరెస్పాండెన్స్ ఆటలు ఉన్నాయి. ఉదయం కాఫీ తాగుతూ ఒక ఎత్తు, రాత్రి ఒక ఎత్తు. క్లాక్ కంగారు అసలు ఉండదు, కోపం వచ్చినా ఎత్తు ఆడేలోపు చల్లారిపోతుంది. పజిల్స్ చేసుకోవచ్చు, అయితే టైమ్ పెట్టి పరుగెత్తించే రకం కాకుండా మామూలువి. తెలిసిన స్నేహితుడితో ఇంట్లో చెక్క బోర్డు మీద, క్లాక్ లేకుండా ఆడడం వీటన్నిటికన్నా మంచిది. ఆట అయ్యాక ఇద్దరూ కలిసి పావులు వెనక్కి పెట్టి "ఇక్కడ ఇలా ఆడి ఉంటే?" అని మాట్లాడుకుంటారు. తిరిగి రేటెడ్ ఆటలకి వచ్చేటప్పుడు 15+10తో, రోజుకి ఒక ఆటతో మొదలుపెట్టి, ఓడిన రోజు కూడా మామూలుగా భోంచేసి పడుకోగలుగుతున్నామని తేలాకే రెండో ఆట కలపండి.